లంగరు ఇనుము, బయ్యారం రాయి
(జనగామలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఏ సార్ పేరిట ఏటా మనం ఇక్కడ కలుస్తున్నామో, ఆయన ఊరూరా తిరిగి పిల్లల చేత శాసనాలు చదివించిన మనిషి. అక్షరం ఉన్న రాయి తన తేదీ తానే చెప్పుకుంటుంది. అక్షరం లేని వస్తువు చేత తేదీ చెప్పించడానికి ఎక్కువ ఓపిక కావాలని సార్ నమ్మేవారు. అందుకే ఈ ఏడు అక్షరం లేని ఒక వస్తువును ఎంచుకున్నాను. అది ఓడ లంగరు. సముద్రపు గాలి సోకని జనగామలో లంగరు ఊసేమిటని మీకు అనిపించవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఉన్న రాయి, బొగ్గు, లోహపు పనితనం లేకుండా తెలుగు తీరపు పాత లంగరు కథ పూర్తి కాదని నా నమ్మకం. ఈ గంటలో చెప్పబోయేది అదే.

ఓరుగల్లుకూ సముద్రానికీ ఉన్న బంధానికి లిఖిత సాక్ష్యం మోటుపల్లిలో ఉంది. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం మీలో చాలామంది చదివే ఉంటారు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోయే ఓడ తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు లాక్కునేవారు. ప్రాణాలకన్నా ధనమే తీపి అనుకుని సముద్రమనే సాహసానికి దిగినవాళ్ల మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్ఫైలో ఒక వంతు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. ఓడలు ఒడ్డుకు కొట్టుకురావడం రాజుగారు శాసనం వేయించేంత మామూలు సంగతి అన్నమాట. లంగరు నిలబడితే ఓడ నిలుస్తుంది. లంగరు జారినా, మోకు తెగినా ఓడ ఒడ్డెక్కుతుంది. ఆ శాసనం వెనక ఎన్ని తెగిన మోకులున్నాయో, సముద్రం అడుగున ఎన్ని లంగర్లు మిగిలిపోయాయో ఊహించుకోండి.

గణపతిదేవుడి కాలపు ఓడల లంగర్లు చాలావరకు రాతివే. వాటిలో ఒక రకాన్ని పండితులు భారత అరబ్ లంగరు అంటారు. పొడవాటి నలుపలకల రాయి. కింది భాగం లావు, పైకి పోయేకొద్దీ సన్నం. అడుగున ఒకదాని మీద ఒకటిగా రెండు చదరపు రంధ్రాలుంటాయి. ఒకటి ఈ వైపు నుంచి తొలిస్తే రెండోది దానికి అడ్డంగా తొలిచి ఉంటుంది. వాటిలో కొయ్యలు దూర్చితే నాలుగు దిక్కులా కొమ్ములు వచ్చి ఇసుకను పట్టుకుంటాయి. పైన మోకు కట్టడానికి గుండ్రటి రంధ్రం. ఇలాంటివి గుజరాత్, గోవా తీరాల్లోనే కాదు, ఇరాన్‌లోని సీరాఫ్ రేవులోనూ, తూర్పు ఆఫ్రికా తీరంలోనూ దొరికాయి. అవన్నీ ఒకే వర్తక ప్రపంచపు వస్తువులు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో శిల త్రిపాఠి, ఎ.ఎస్. గౌర్ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి వీటిని కొలిచారు, బొమ్మలు గీశారు. అంతటితో ఆగక, రాయి ఏ జాతిదో, ఏ ప్రాంతపు గనిలోదో భూగర్భ శాస్త్రం సాయంతో అడిగారు. ఆ ప్రశ్నను ఇనుప లంగరు దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ అడుగుదాం.

రాతి లంగరు కాలనిర్ణయంలో ఒక పెద్ద పాఠం ద్వారక దగ్గర ఉంది. 1980లలో ఎస్.ఆర్. రావు గారి నాయకత్వంలో అక్కడ సముద్రం అడుగున చాలా రాతి లంగర్లు బయటపడ్డాయి. మూడు రంధ్రాల ముక్కోణపు రాళ్లు సైప్రస్‌లోనూ, సిరియా తీరంలోని ఉగారిత్‌లోనూ దొరికిన కంచుయుగపు లంగర్లను పోలి ఉన్నాయి కనుక, రావు గారు వీటినీ ఆ ప్రాచీన కాలానికే చేర్చారు. తరువాత అదే సంస్థ పరిశోధకులు మరిన్ని స్థలాలు వెతికి, చుట్టూ ఉన్న ఇతర వస్తువులతో పోల్చి, వాటిలో ఎక్కువ భాగం చారిత్రక యుగానివని, మధ్యయుగపు రేవు రాకపోకలకు చెందినవని వాదించారు. రావు గారి పట్ల నాకు అపారమైన గౌరవం. మన దేశంలో సముద్ర పురావస్తు శాస్త్రానికి దారి వేసినవారు ఆయనే. అయినా ఈ వాదం ఒక సంగతి తేటతెల్లం చేస్తుంది. రాయికి రంధ్రం చేసి మోకు కట్టడమనే ఉపాయం మూడు వేల ఏళ్లు మారకుండా సాగగలదు. కాబట్టి పోలిక ఒక్కటే ఆధారంగా తేదీ చెప్పకూడదు.

ఇప్పుడు ఇనుప లంగరు. ముందు దాని అవయవాలు చెబుతాను. నిలువుగా ఉండేది కాడ. కాడ అడుగున రెండు చేతులు. చేతుల చివర నేలను పట్టే రెక్కలు. కాడ పైభాగాన చేతులకు అడ్డంగా ఉండే పొడవాటి దిమ్మెను అడ్డు అందాం. అన్నిటికన్నా పైన కడియం. అడ్డు పని ఏమిటంటే లంగరును అడుగున సరిగా పడుకోబెట్టి, ఒక రెక్క నేలలో దిగేలా చేయడం. పాత లంగర్లలో అడ్డు కొయ్యది, పొడవు దాదాపు కాడంత. నీటిలో కొయ్య పురుగుల పాలై పోతుంది. మిగిలేవి దానికి బిగించిన ఇనుప పట్టాలు, కాడ మీద దాన్ని జారకుండా ఆపే చిన్న చెవులు. ఆ చెవులు కనిపించగానే ఇది కొయ్య అడ్డు లంగరని తెలుస్తుంది. కాడకు రంధ్రం ఉండి అందులోంచి ఇనుప కడ్డీ దూరి ఉంటే అది చాలావరకు 19వ శతాబ్దపు పద్ధతి.

కడియం కూడా మాట్లాడుతుంది. జనపనార మోకు కట్టే లంగరుకు పెద్ద గుండ్రటి కడియం ఉంటుంది. మోకు ఒరుసుకోకుండా దానికి గుడ్డపేలికలు, తాళ్లు చుట్టేవారు. శామ్యూల్ బ్రౌన్ అనే నౌకాధికారి 1808లో ఓడ గొలుసుకు పేటెంటు పొందాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో మోకు పోయి గొలుసు వచ్చింది, గుండ్రటి కడియం స్థానంలో మేకు బిగించిన లాడం ఆకారపు కొక్కెం వచ్చింది. ఆంగ్లేయుల పాత లంగర్లలో చేతులు తిన్నగా ఉండి కాడ దగ్గర మొనదేలి కలుస్తాయి. 1813 ప్రాంతంలో ప్లిమత్ నౌకాశ్రయంలో పనిచేసిన రిచర్డ్ పెరింగ్ చేతులను వంచి, ఇనుప పట్టీలను మరింత బాగా అతికే పద్ధతి తెచ్చాడు. 1841 నాటికి ఇంగ్లండ్ నౌకాదళం వంపు చేతుల నమూనాను స్థిరపరిచింది. చేతులు తిరగగలిగేలా 1838లో పోర్టర్, దాన్ని బాగుచేస్తూ 1852లో ట్రాట్‌మన్ చేసిన లంగర్లు వచ్చాయి. శతాబ్దం చివరికి అడ్డే లేని లంగర్లు వచ్చాయి. ఇవాళ విశాఖ రేవులో కనిపించే ఓడలకు వేలాడేవి వాటి వారసులే.

ఇక్కడ విద్యార్థులు తొందరపడతారు. వంపు చేతులుంటే 1813 తరువాతిదని రాసేస్తారు. అలా కాదు. డచ్చివాళ్లు, స్పానిష్ వాళ్లు అంతకు రెండు శతాబ్దాల ముందే వంపు చేతుల లంగర్లు వాడారు. మన తీరంలో మచిలీపట్నంలో 1605 నుంచి డచ్చివాళ్లు, 1611 నుంచి ఆంగ్లేయులు, ఆ తరువాత యానాంలో ఫ్రెంచివాళ్లు, వీళ్లందరికన్నా ముందు నుంచీ అరబ్బులు, పారశీకులు, మనవాళ్లు ఓడలు నిలిపారు. మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ల దూరాన లంగరు వేసి, సరుకును చిన్న పడవల్లో దించేవి. అంత దూరాన, అంత బహిరంగ సముద్రంలో తుఫాను ముంచుకొస్తే మోకు నరికి లోతుకు పోవడమే ఓడకు దారి. అందుచేత అక్కడ దొరికే లంగరు ఏ దేశపుదైనా కావచ్చు. దేశం తేలకముందే ఆకారం చూసి తేదీ చెప్పడానికి వీల్లేదు.

దేశాన్ని పట్టించేవి గుర్తులు. డచ్చి కంపెనీ గుర్తు మీకు తెలుసు. పెద్ద వి అక్షరం రెండు కొమ్ముల మీద ఓ, సి అక్షరాలు. ఆంగ్ల ప్రభుత్వ సొత్తుకు బాణపు మొన గుర్తు. ఇక ఆంగ్ల లంగర్ల మీద తరచుగా మూడు అంకెలు విడివిడిగా చెక్కి ఉంటాయి, ఉదాహరణకు 14, 3, 20. దాన్ని తేదీ అనుకోకండి. అది బరువు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, అంటే ఒక్కొక్కటి 112 పౌన్లు. రెండోది అందులో పావులు, మూడోది మిగిలిన పౌన్లు. అంటే మొత్తం 1672 పౌన్లు, దాదాపు 758 కిలోలు. నడిమి అంకె 3 దాటదు, చివరిది 27 దాటదు. ఈ నియమానికి లోబడితే చదివింది సరైనదని నమ్మవచ్చు. ఇటలీలో నేమి చెరువు అడుగున దొరికిన రోమన్ ఇనుప లంగరు మీద కూడా 1275 రోమన్ పౌన్లని బరువు చెక్కి ఉంది. రెండు వేల ఏళ్లుగా లంగరు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

గుర్తుకు తోడు ఓడ దినచర్య దొరికితే అంతకన్నా భాగ్యం లేదు. 1803లో మాథ్యూ ఫ్లిండర్స్ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో మిడిల్ ద్వీపం దగ్గర గాలికి చిక్కి రెండు లంగర్లు వదులుకున్నాడు. ఆ సంగతి తన పుస్తకంలో రాసుకున్నాడు. 1973లో ఈతగాళ్లు అదే చోట ఆ రెండింటినీ కనుగొన్నారు. కాగితమూ ఇనుమూ ఒకదానికొకటి సాక్ష్యం పలికాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల వర్తకుడు నరసాపురం గురించి రాశాడు. ఆంగ్లేయులూ ఇతరులూ ఏటా అక్కడ ఓడలు కట్టించుకుంటారని, మంచి కలప కావలసినంత దొరుకుతుందని, తీరం మొత్తంలో మేలైన ఇనుము అక్కడిదేనని, మేకులు, బోల్టులు, లంగర్లు సహా ఏ ఇనుప పనినైనా స్థానికులు నేర్పుగా చేస్తారని ఆయన సాక్ష్యం. లంగర్లు అన్న మాట దగ్గర ఆగండి. సముద్రాలు ఏలుతున్న కంపెనీల ఓడలకు గోదావరి ఒడ్డున తెలుగు కమ్మరి లంగరు కొట్టి ఇచ్చాడు.

అక్కడే కాలనిర్ణయం చేసేవాడికి కొత్త చిక్కు వస్తుంది. నరసాపురం కమ్మరి దగ్గరకు ఆంగ్ల కప్తాను వచ్చి తన పద్ధతి లంగరు అడిగితే, అతను అదే చేసిస్తాడు. డచ్చి కప్తాను వస్తే డచ్చి పద్ధతిలో చేస్తాడు. ఆకారం కొనేవాడిది, ఇనుము కొట్టేవాడిది. ఆకారం చూసి లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో పుట్టిందని మనం రాసుకున్న లంగర్లలో కొన్ని మన కొలుముల్లో పుట్టి ఉండవచ్చు. ఆ సంగతి తేల్చగలిగేది లోహం ఒక్కటే. లంగరు చరిత్రలో ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే తెలుగువాళ్లే అడగాలి.

లోహాన్ని అడగడం ఎలా? పాత లంగరు పోతపోసినది కాదు. ముద్ద ఇనుమును కాల్చి, సమ్మెటతో కొట్టి కడ్డీలు తీసి, కట్టగా పేర్చి, మళ్లీ కాల్చి అతికి చేసినది. ఇనుప రాయిలోని మలినం కొంత చిట్టెంగా కారిపోతుంది, కొంత సన్నటి గీతలుగా ఇనుములోనే ఉండిపోతుంది. తుప్పు పట్టినప్పుడు చెక్కిన చెరకు గడ పీచులాగా ఆ గీతలు పైకి తేలతాయి. కాడలో పీచు నిలువుగా పోతూ, చేతులు కలిసే చోట మెలిక తిరుగుతుంది. అక్కడే అతుకు, అక్కడే లంగరు విరిగేది. సమ్మెట దెబ్బ పడిన తీరు చదవడానికి మనకు గురువులు దగ్గరే ఉన్నారు. ఈ జిల్లాలోనే పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద దెబ్బ చూసి ఏ సుత్తి వాడారో, ఎటు నుంచి కొట్టారో చెప్పగలరు. లోహం వేరైనా, దెబ్బను చదివే చూపు ఒకటే. లోహ చరిత్ర చదివే విద్యార్థి ముందు పెంబర్తిలో కొన్నాళ్లు కూర్చోవాలని నేనెప్పుడూ చెబుతుంటాను.

తరువాత బొగ్గు. ఇనుములో కొద్దిగా కర్బనం ఉంటుంది. అది కొలిమిలో వేసిన బొగ్గు నుంచి వచ్చినది. కట్టెబొగ్గు అయితే ఆ చెట్టు బతికిన కాలపు కర్బనం 14 అందులో ఉంటుంది. అది 5730 ఏళ్లకు సగమవుతుంది. ఇనుముకు ఇలా వయసు కట్టవచ్చని 1960లలో యేల్ విశ్వవిద్యాలయంలో వాన్ డర్ మెర్వ చూపించాడు. రాక్షసి బొగ్గు సంగతి వేరు. భూపాలపల్లిలో కాకతీయ ఖని గనుల నుంచి సింగరేణి కార్మికులు తీసే బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. యాభై వేల ఏళ్లు దాటితేనే కర్బనం 14 అంతు దొరకదు. ఆ బొగ్గుతో తీసిన ఇనుమును పరీక్షిస్తే వయసు అనంతమని వస్తుంది. ఇంగ్లండ్‌లో అబ్రహాం డార్బీ 1709లో కోక్‌తో ఇనుము కరిగించాడు, హెన్రీ కార్ట్ 1784లో రాక్షసి బొగ్గు మంటతో సాగే ఇనుము తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. అక్కడి నుంచి ఆంగ్ల ఇనుము క్రమంగా ఈ మృత కర్బనంతో నిండింది. కాబట్టి లంగరు ఇనుము అనంతమైన వయసు చూపిస్తే అది పాతది కాదు, కొత్తది. అనుభవం లేనివాళ్లు తలకిందులుగా చదివే ఫలితం ఇది.

కట్టెబొగ్గు ఇనుమని తేలితే నరసాపురం లంగరు దొరికిందని సంబరపడకండి. స్వీడన్, రష్యా ఇనుము కూడా కట్టెబొగ్గుదే. ఇంగ్లండ్ దాన్ని టన్నులకొద్దీ కొనేది. పైగా 1650 తరువాత మూడు వందల ఏళ్ల పాటు గాలిలోని కర్బనం 14 పాళ్లు ఎగుడుదిగుడుగా నడిచాయి. ఆ మధ్య నరికిన చెట్టు 1670దో 1800దో తేల్చడం ప్రయోగశాలకు కష్టం. ముసలి చెట్టు నడిమి చేవ వాడితే ఇనుము ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది. పాత ఇనుము కరిగించి కొత్తదానిలో కలిపితే రెండు కాలాలూ కలిసిపోతాయి. ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణ కేంద్రంలో ఈ పరీక్షకు ఇప్పుడు వసతి ఉంది, కొద్ది గ్రాముల ఇనుము చాలు. కానీ ఆ పరీక్ష చెప్పేది బొగ్గు సంగతి మాత్రమే. రాయి సంగతి రాయినే అడగాలి.

అందుకే బయ్యారం. మహబూబాబాద్ జిల్లాలోని ఆ ఊరు మనకు రెండు విధాల ప్రసిద్ధం. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి 1219లో వేయించిన శాసనం కాకతీయ వంశ క్రమానికి కీలకమైన ఆధారం. రెండోది ఇనుప రాయి. ఆ రాయితో ఉక్కు కర్మాగారం రావాలని ఆ ప్రాంత ప్రజలు ఏళ్లుగా అడుగుతున్నారు. విభజన చట్టంలోనూ దాని ప్రస్తావన ఉంది. ఆ కోరిక న్యాయమైనది. చరిత్ర విద్యార్థికి ఆ రాయితో ఇంకో పని ఉంది.

ఇనుప రాయిలోని అల్యూమినియం, మాంగనీసు, టైటానియం వంటివి ఇనుముగా మారకుండా చిట్టెంలోకి పోతాయి. ఒక్కో గుట్ట రాయిలో వాటి పాళ్లు ఒక్కో తీరు. లంగరు లోపల చిక్కుకున్న చిట్టెపు గీతల్లోనూ ఆ పాళ్లే మిగులుతాయి. అతుకు వేసేటప్పుడు కమ్మరి చల్లిన ఇసుక కొంత కలుస్తుంది కాబట్టి ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల నుంచి ముక్క తీయాలి. ఆ ముక్కను మన గుట్టల రాయితోనూ మన చిట్టెంతోనూ పోల్చాలి. ఇప్పుడు ఐరోపా పరిశోధకుడి దగ్గర స్వీడన్ గనుల పట్టిక ఉంది, జర్మనీ గనుల పట్టిక ఉంది. తెలంగాణ పట్టిక అంత నిండుగా లేకపోతే ప్రతి లంగరూ స్వీడన్ వైపే మొగ్గుతుంది.

మొదలంటూ పడింది. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో ఉక్కు తీసే పద్ధతిని 1820లలో వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు చూసి రాశాడు. ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి వచ్చి కూర్చున్న వర్తకుడిని కూడా ఆయన అక్కడే కలిశాడు. ఎస్. జైకిషన్ గారు ఉత్తర తెలంగాణ పల్లెల్లో కొలుములనూ చిట్టెపు దిబ్బలనూ కాలినడకన తిరిగి నమోదు చేశారు. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఇదే ప్రాంతంలో సర్వే చేశాయి. వీళ్ల దృష్టి ప్రధానంగా ఉక్కు మీద, కత్తి మీద. లంగరుకు కావలసింది ఉక్కు కాదు, సాగే మెత్తటి ఇనుము. కత్తికి కోనసముద్రం ఉన్నట్టే లంగరుకు ఏ ఊళ్లున్నాయో వెతకడం మిగిలిన పని. ప్రాణహిత కలిసిన కాళేశ్వరం నుంచి గోదావరి నేరుగా నరసాపురం వైపు పోతుంది. టేకు దుంగలు తెప్పలు కట్టి దిగువ ఓడరేవులకు తేల్చిన నది అది. ఇనుప పట్టాల మధ్య లంగరు కొయ్య అడ్డు ముక్క కాస్త మిగిలి ఉంటే, అది టేకేనా అని సూక్ష్మదర్శిని కింద చూడటం ఒక్కపూట పని.

మీలో ఎవరైనా రేపు తీరంలో ఉద్యోగానికి వెళ్లి, వలలో పడిన లంగరు చూడవచ్చు. అది ఒడ్డుకు చేరిన రోజే పాత సామాన్ల దుకాణానికి పోయే ప్రమాదం ఎక్కువ. ముందు దాన్ని ఎండనివ్వకండి. సముద్రపు ఉప్పు లోపల ఉండగా ఎండితే పొరలు ఊడి, మొదట పోయేవి గుర్తులే. తడిగోనెలు కప్పి, పక్కనుంచి వెలుగు పడేలా ఫోటోలు తీయండి. కాడ, చేతులు, రెక్కలు, కడియం మందంతో సహా కొలవండి. వీలైతే వాషింగ్ సోడా కలిపిన మంచినీటిలో ఉంచండి. మంటతో కాల్చి తుప్పు దులపనివ్వకండి, కాలిస్తే లోపలి లోహపు పొందిక మారిపోయి మనకు కావలసిన సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ లోతులో, ఏ దిక్కున, ఏ వలకు చిక్కిందో జాలరినే అడిగి ఆయన మాటల్లోనే రాసుకోండి. సముద్రం అడుగు ఆయనకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. నూరేళ్లు దాటిన వస్తువు చట్టం ప్రకారం పురావస్తువు, అధికారులకు తెలియజేయడం మన బాధ్యత.

లోతట్టు జిల్లాల్లో ఉండిపోయేవాళ్లకు వేరే పని. చెరువు కట్టలకు, రోడ్లకు, పొలం చదునుకు చిట్టెపు దిబ్బలు తరలిపోతున్నాయి. పనికిరాని నల్ల రాళ్లని అందరూ అనుకుంటారు. ఒక్కో దిబ్బ నుంచి పిడికెడు చిట్టెం, దగ్గరి గుట్ట నుంచి పిడికెడు రాయి, ఊరి పేరు, సర్వే నంబరు, తేదీ రాసిన చీటీతో సంచిలో కడితే చాలు. వారసత్వ శాఖ అనుమతి తీసుకుని, ఈ కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో ఒక బీరువా ఇందుకు కేటాయించమని ప్రిన్సిపాల్ గారిని ఈ సభలోనే కోరుతున్నాను. అనుమతి రాగానే మొదట బయ్యారం వెళ్దాం. వచ్చేవాళ్లు సభ అయ్యాక మీ పేర్లు ఇవ్వండి.